పెళ్లి డీవీడీలు, సినిమా వీసీడీలు, వాటి ప్లేయర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సుమారు 2000వ సంవత్సరం నుంచి ఓ పదిహేనేళ్ల పాటు తెలుగు ఇళ్లలో జరిగిన పెళ్లిళ్లు, అన్నప్రాసనలు, ఓణీల వేడుకలు, షష్టిపూర్తులు చాలావరకు వీసీడీల మీదో డీవీడీల మీదో మిగిలి ఉన్నాయి. సినిమా డిస్కు పాడైతే ఆ సినిమా మరోచోట దొరుకుతుంది. ఇంట్లో తీయించుకున్న డిస్కుకు చాలా ఇళ్లలో రెండో ప్రతి లేదు. అందుకే ఈ జవాబుల్లో డిస్కుకు ఏ హానీ చేయని పరీక్షలు ముందు చెప్పి, శుభ్రం చేయడం తర్వాత, మరమ్మతును చివరి మార్గంగానే చెప్పాను.

ప్లేయర్ కాసేపు తిప్పి ‘నో డిస్క్’ అంటోంది. లోపం డిస్కులో ఉందా, ప్లేయర్‌లో ఉందా?

ఒక్క డిస్కు వేసి చూసి తేల్చకూడదు. మూడు రకాల డిస్కులు దగ్గర పెట్టుకోండి: కంపెనీ అచ్చు వేసిన సినిమా వీసీడీ లేదా పాటల సీడీ ఒకటి, కంపెనీ సినిమా డీవీడీ ఒకటి, వీడియోగ్రాఫరు కంప్యూటర్‌లో రైట్ చేసి ఇచ్చిన డీవీడీ ఒకటి. మూడూ ఆడకపోతే లోపం దాదాపుగా ప్లేయర్‌దే. సీడీలు ఆడి డీవీడీలు ఏవీ ఆడకపోయినా ప్లేయర్‌నే అనుమానించాలి, ఎందుకంటే సీడీని చదివే లేజరు 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతోనూ, డీవీడీని చదివే లేజరు 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతోనూ పనిచేస్తాయి; రెండూ ఒకే లెన్సు గుండా వెలుగు పంపుతున్నా, ఒకటి బలహీనపడినప్పుడు రెండోది చక్కగానే ఉండవచ్చు.

కంపెనీ డీవీడీ ఆడి పెళ్లి డీవీడీ మాత్రమే ఆడకపోతే, డిస్కు పోయిందని అప్పుడే నిర్ణయానికి రావద్దు. ఒకే పొర ఉన్న అచ్చు డీవీడీ తన మీద పడిన లేజరు వెలుగులో 45 నుంచి 85 శాతం దాకా వెనక్కి పంపుతుంది. మళ్లీ మళ్లీ రాయగల ఆర్‌డబ్ల్యూ డిస్కు పంపేది 18 నుంచి 30 శాతమే. ఒక్కసారే రాయగల మామూలు ఆర్ డిస్కు ఇంతకన్నా మెరుగు గానీ, అందులో సమాచారం నిలిచే రంగు పొర వెలిసేకొద్దీ రాసిన చోటికీ రాయని చోటికీ తేడా మసకబారుతుంది. కాబట్టి లేజరుకు వయసు మీరినప్పుడు మొదట మొరాయించేవి రైట్ చేసిన డిస్కులే. వాటిని మరో ప్లేయర్‌లో, ఆ తర్వాత కనీసం రెండు వేర్వేరు కంప్యూటర్ డ్రైవుల్లో వేసి చూడాలి. మా నాన్నగారి షష్టిపూర్తి డీవీడీ మా ఇంటి ప్లేయర్‌లోనూ, రెండు ల్యాప్‌టాప్‌లలోనూ తెరుచుకోలేదు. బంధువుల ఇంట్లో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ డ్రైవు దాన్ని చాలామటుకు చదివి పెట్టింది. ఆ డిస్కును అంతకు ముందు రెండుసార్లు చెత్తలో వేయబోయి ఆగాము.

డిస్కును ఎలా తుడవాలి?

మధ్య రంధ్రం దగ్గర మొదలుపెట్టి అంచు వైపు నిటారుగా తుడవాలి. గుండ్రంగా మాత్రం తుడవకూడదు. సమాచారం డిస్కు మీద సర్పిలంగా చుట్టుకొని ఉంటుంది. సీడీలో పక్కపక్క చుట్ల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, డీవీడీలో 0.74 మైక్రోమీటర్లు. చుట్లకు అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొంచెం కొంచెమే నష్టం చేస్తుంది, దాన్ని ప్లేయర్‌లోని దోష సవరణ పూడ్చగలదు. చుట్టు వెంబడే పడిన గీత ఒకే చోట పెద్ద ఖాళీ చేస్తుంది. సీడీలో సుమారు 2.5 మిల్లీమీటర్ల పొడవు దాటిన ఖాళీని ఆ సవరణ పూర్తిగా పూడ్చలేదు.

ముందు దుమ్మును ఊది గానీ మెత్తటి బ్రష్షుతో గానీ తొలగించండి. వేలిముద్రలు, నూనె జిడ్డు ఉంటే గోరువెచ్చని నీటిలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, కళ్లద్దాలు తుడిచే మెత్తని గుడ్డతో తుడిచి, మంచినీటితో కడిగి, నీడన ఆరనివ్వండి. చొక్కా కొంగు, కాగితపు న్యాప్‌కిన్, ముతక తువ్వాలు వాడవద్దు. నెయిల్ పాలిష్ తీసే ద్రవం, పెట్రోలు, థిన్నరు డిస్కు ప్లాస్టిక్కును పాలలా తెల్లబరుస్తాయి. ఆ తెల్లదనం మళ్లీ పోదు.

గీతలు పడిన డిస్కుకు టూత్‌పేస్టు రాస్తే బాగవుతుందని అంటారు. నిజమేనా?

కింది వైపు పడిన పైపై గీతను టూత్‌పేస్టులోని సన్నని పొడి కొంత అరగదీసి నునుపు చేస్తుంది కనుక ఒక్కోసారి పనిచేసినట్టే కనిపిస్తుంది. అయితే అది డిస్కును అరగదీసే పని. పోయినా బాధపడని సినిమా డిస్కు మీద ప్రయత్నించుకోవచ్చు గానీ, పెళ్లి డిస్కు మీద చేయవద్దని గట్టిగా చెబుతాను. దానికి బదులు కంప్యూటర్‌లో కాపీ తీసే మార్గాలన్నీ ప్రయత్నించి చూడాలి.

గీత ఏ వైపు ఉందో చూడడం ఇంకా ముఖ్యం. సీడీ, వీసీడీల మందం 1.2 మిల్లీమీటర్లు, కానీ సమాచారం ఉన్న పొర బొమ్మలు, పేర్లు అచ్చు వేసిన పై వైపుకు అతి దగ్గరగా, సన్నని లక్క పూత కింద ఉంటుంది. అందుకే కింది వైపు ఎన్నో గీతలున్న వీసీడీ బొమ్మ అక్కడక్కడ విరిగినా ఆడుతుంది, పై వైపు బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాసిన వీసీడీ ఆడదు. అలాంటి డిస్కును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే సూది రంధ్రాల్లాంటి చుక్కల్లోంచి వెలుగు కనిపిస్తుంది. ఆ చోట్ల ఉన్న సమాచారం తిరిగి రాదు. డీవీడీ అలా కాదు. 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటిని అతికించి తయారుచేస్తారు, సమాచారం వాటి నడుమ ఉంటుంది. పై గీతలను డీవీడీ బాగానే తట్టుకుంటుంది గానీ వంపును తట్టుకోలేదు. పెట్టెలోంచి తీసేటప్పుడు అంచు పట్టి విల్లులా వంచకుండా, మధ్య గుబ్బను నొక్కి తీయాలి.

లెన్సును నేనే శుభ్రం చేసుకోవచ్చా?

మొదట చిన్న బ్రష్షు ఉన్న లెన్స్ క్లీనర్ డిస్కును ఒకటి రెండుసార్లు ఆడించి చూడండి. పైపై దుమ్ము అయితే దానితో పోతుంది. వంటింటి నూనె ఆవిరి, అగరబత్తి పొగ, సిగరెట్ పొగ పేరుకున్న లెన్సుకు అది చాలదు. అప్పుడు ప్లగ్గు తీసి, అరగంట ఆగి, పై మూత విప్పి, శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త తడిపిన దూది పుల్లతో లెన్సును బరువు పెట్టకుండా తుడవాలి. ఆ లెన్సు సన్నని తీగల మీద తేలుతూ ఉంటుంది, గట్టిగా నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది.

రెండు హెచ్చరికలు మరచిపోవద్దు. మూత తీసిన ప్లేయర్‌ను కరెంటు మీద నడిపి లెన్సులోకి తొంగి చూడవద్దు, కంటికి ప్రమాదం. పవర్ సప్లై బోర్డు మీది పెద్ద కెపాసిటరును ముట్టుకోవద్దు, ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ట్రే బయటికి రావడం లేదు, లేదా వచ్చి మళ్లీ లోపలికి పోతోంది.

చాలాసార్లు కారణం ట్రేను నడిపే చిన్న రబ్బరు బెల్టు సాగిపోవడమో, జిడ్డుపట్టి జారడమో. బెల్టు ధర నామమాత్రం. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలాంటి ఎలక్ట్రానిక్స్ విడిభాగాల బజారులో పాతదాన్ని చూపించి సరిపోయేది అడగవచ్చు. డిస్కు లోపల చిక్కుకుంటే కత్తితో ట్రేను పెకలించకండి. కంప్యూటర్ డ్రైవు ముందు వైపు గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటుంది. కరెంటు తీసి, నిటారు చేసిన పేపర్ క్లిప్పును అందులోకి నెమ్మదిగా నెడితే ట్రే బయటికి వస్తుంది. టీవీకి తగిలించే ప్లేయర్లలో చాలావాటికి ఆ రంధ్రం ఉండదు కనుక మూత విప్పి, ట్రే పక్కనున్న పళ్ల చక్రాన్ని చేత్తో తిప్పాల్సి వస్తుంది.

బొమ్మ నలుపు తెలుపులో వస్తోంది, లేదా తెర మీద పైకి కిందికి దొర్లుతోంది.

ఇది డిస్కు లోపం కాదు. మన దేశపు టీవీ పద్ధతి పాల్: సెకనుకు 25 చిత్రాలు, డీవీడీలో 576 వరుసలు. అమెరికా, జపాన్‌లది ఎన్‌టీఎస్‌సీ: సెకనుకు సుమారు 30 చిత్రాలు, 480 వరుసలు. డిస్కు ఒక పద్ధతిలో ఉండి టీవీ మరో పద్ధతికి మాత్రమే అలవాటు పడినదైతే రంగు పోతుంది, లేదా బొమ్మ దొర్లుతుంది. ప్లేయర్ సెటప్ మెనూలో టీవీ టైప్ లేదా టీవీ సిస్టమ్ అన్న చోట ‘ఆటో’ లేదా ‘మల్టీ’ ఎంచుకోండి. అప్పటికీ కుదరకపోతే పాల్ అని పెట్టి చూడండి.

మెనూయే కనిపించనంతగా తెర నల్లబడితే, ఎవరో రిమోట్‌లో, బొమ్మను టీవీకి పంపే పద్ధతిని మార్చే పీ-స్కాన్ మీటను నొక్కి ఉండవచ్చు. దాన్ని ఒక్కోసారి నొక్కి, ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగి చూడండి.

అమెరికా నుంచి తెచ్చిన డీవీడీ వేస్తే రీజియన్ సరిపోలేదని వస్తోంది.

సినిమా కంపెనీలు డీవీడీ ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచుకున్నాయి. అమెరికా, కెనడాలు 1వ ప్రాంతం, యూరప్, జపాన్, గల్ఫ్ దేశాలు 2, ఆస్ట్రేలియా 4, భారతదేశం 5. డీవీడీ తర్వాత వచ్చిన బ్లూ-రే డిస్కుల్లో అక్షరాలు ఉంటాయి: అమెరికాది ఏ, యూరప్, ఆస్ట్రేలియాలది బీ, భారతదేశానిది సీ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కొన్న హాలీవుడ్ డిస్కు ఇక్కడి ప్లేయర్‌లో ఆడకపోవడానికి, ఇక్కడి నుంచి పిల్లలకు పంపిన డిస్కు అక్కడ ఆడకపోవడానికి ఇదొక కారణం. వీడియోగ్రాఫరు రైట్ చేసి ఇచ్చిన డిస్కుకు సాధారణంగా ఈ తాళం ఉండదు. అది విదేశంలో ఆడకపోతే పైన చెప్పిన పాల్, ఎన్‌టీఎస్‌సీల తేడానే చూడాలి. కంప్యూటర్‌లో వేసుకుంటే ఆ తేడా కూడా అడ్డురాదు.

కంప్యూటర్ డ్రైవులో ప్రాంతం మార్చుకోవడానికి ఐదు అవకాశాలే ఉంటాయి, ఐదోసారి ఎంచుకున్నది శాశ్వతంగా నిలిచిపోతుంది. కంప్యూటర్ అడిగిందని ప్రతిసారీ ‘సరే’ నొక్కుతూ పోకండి.

పాటలు హోరుగా వస్తున్నాయి, మాటలు మాత్రం వినపడటం లేదు.

ఆరు స్పీకర్లకు విడివిడిగా వెళ్లే 5.1 శబ్దంలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకు వెళతాయి. మీ ఇంట్లో ఉన్నవి టీవీ స్పీకర్లు రెండే అయితే, ప్లేయర్ తనకు ఆరు స్పీకర్లు ఉన్నాయనుకొని పంపే మాటలు ఎక్కడికీ చేరవు. ఆడియో సెటప్‌లో, శబ్దాలన్నిటినీ రెండు స్పీకర్లకు కలిపే డౌన్‌మిక్స్‌ను ‘స్టీరియో’ చేయండి. శబ్దం అసలే రాకపోతే డిస్కు మెనూలో డీటీఎస్ అనే శబ్ద పద్ధతి బదులు డాల్బీ అనేది ఎంచుకోండి. వీసీడీలో ఒక వైపు మాటలు, మరో వైపు సంగీతం విడివిడిగా వస్తుంటే రిమోట్ మీది ఆడియో లేదా ఎల్/ఆర్ మీటతో సరిచేయవచ్చు.

డిస్కు ఎప్పుడూ ఒకే చోట ఆగుతోంది.

రెండు పొరల సినిమా డీవీడీలో సినిమా నడుమ అరసెకను ఆగి ముందుకు సాగితే, లేజరు ఒక పొర నుంచి మరో పొరకు మారుతోందని అర్థం, అది సహజం. ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు, రెండు పొరల దానిలో 8.5 గిగాబైట్లు పడతాయి.

గళ్లు గళ్లుగా విరిగి, ఆగిపోయి, చివరి భాగం అసలే రాకపోతే కారణం వేరు. ఒక పొర డిస్కు లోపలి నుంచి బయటికి నిండుతూ వస్తుంది కనుక, పెళ్లి డీవీడీలో అప్పగింతలు అంచు దగ్గర ఉంటాయి. అంచు దగ్గరే వేలిముద్రలు పడతాయి, డిస్కు కాస్త వంగినా ఊపు అక్కడే ఎక్కువ. ఆ రోజుల్లో వధూవరుల ఫోటో ముద్రించిన కాగితపు స్టిక్కరును డిస్కు మీద అందంగా అతికించేవారు. ఆ కాగితం ఏళ్లు గడిచేకొద్దీ తేమకు బిగిసి డిస్కును వంచుతుంది, ఒక వైపు బరువు పెంచుతుంది. మా షష్టిపూర్తి డీవీడీలో తిరిగి రానిది కూడా చివరి భాగమే. పెద్దలందరూ వరుసగా వచ్చి ఆశీర్వదించిన భాగం అది. స్టిక్కరును పీకవద్దు, దానితో పాటు పై పొర ఊడివచ్చే ప్రమాదం ఉంది. డ్రైవు వేగం తగ్గించి చదివిస్తే చాలాసార్లు మరికొంత భాగం దక్కుతుంది.

పెళ్లి డీవీడీ కంప్యూటర్‌లో ఖాళీ డిస్కుగా కనిపిస్తోంది. అందులో ఏమీ లేదా?

రెండు కారణాలుంటాయి. మొదటిది, రికార్డింగు అయ్యాక డిస్కును ఇతర యంత్రాలు చదివేలా ముగించే ఫైనలైజ్ పని మిగిలిపోవడం. 8 సెంటీమీటర్ల చిన్న డీవీడీ మీద నేరుగా రికార్డు చేసే కెమెరాల్లో ఇది తరచుగా జరిగింది. ఆ కెమెరా ఇంకా ఉంటే అందులోనే వేసి ఫైనలైజ్ చేయండి. లేకపోతే ఐసోబస్టర్‌లాంటి సాఫ్ట్‌వేర్ విషయసూచిక లేకపోయినా లోపలి వీడియోను వెతికి తీయగలదు. ఆ చిన్న డిస్కును ట్రే లేకుండా నోటితో మింగే డ్రైవుల్లో మాత్రం వేయవద్దు, లోపల ఇరుక్కుపోతుంది.

రెండోది, రంగు పొర వెలిసిపోవడం. రైట్ చేసే డిస్కులో సమాచారం ఒక సేంద్రియ రంగు మీద లేజరు కాల్చిన గుర్తుల రూపంలో ఉంటుంది. ఎండ, వేడి, తేమ ఆ రంగును మార్చేస్తాయి. డిస్కు కింది వైపును పగటి వెలుతురులో చూస్తే రాసిన భాగం, రాయని భాగం వేర్వేరు ఛాయల్లో వలయాలుగా కనిపిస్తాయి. ఆ తేడా కనిపిస్తుంటే డిస్కు మీద ఏదో ఉందనే లెక్క. మరో డ్రైవు వెతకండి.

డిస్కులోని వీడియోను ఎలా కాపీ చేసుకోవాలి?

ఈ ప్రశ్న అందరూ చివర అడుగుతారు, నిజానికి ఇదే మొదట అడగవలసినది. ఇవాళ ఆడుతున్న డిస్కు వచ్చే వేసవి తర్వాత ఆడుతుందన్న హామీ లేదు.

డీవీడీకి వీడియో టీఎస్ అన్న ఫోల్డరును కాపీ చేయడం కన్నా డిస్కు మొత్తాన్ని ఒకే ఐఎస్‌ఓ ఫైలుగా తీయడం మేలు. మెనూలు, భాగాల వరుస చెదరవు. ఆ ఫైలు వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా ఆడుతుంది. దెబ్బతిన్న డిస్కుకు జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం చాలా ఉపకరిస్తుంది. అది చదవగలిగిన భాగాలను ముందు తీసుకొని, మొండికేసిన చోట్లను గుర్తుపెట్టుకొని తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. అదే గుర్తింపు పట్టికతో డిస్కును మరో డ్రైవులో వేస్తే, మొదటి డ్రైవు వదిలేసిన చోట్లను రెండోది పూరించవచ్చు. మా డిస్కును కాపాడిన పద్ధతి ఇదే.

వీసీడీ సంగతి వేరు. 1993లో స్థిరపడిన ఈ పద్ధతిలో ఒక డిస్కులో 74 నిమిషాల వీడియో ఇమడ్చడానికి, కంప్యూటర్ సీడీల్లో ఉండే అదనపు దోష సవరణ పొరను తీసేసి ఆ చోటును వీడియోకు వాడుకున్నారు. రెండున్నర గంటల తెలుగు సినిమా రెండు, మూడు డిస్కుల్లో రావడానికి కారణం ఆ 74 నిమిషాల హద్దు. చిన్న గీతకే వీసీడీ గళ్లుగా విరగడానికి కారణం ఆ తీసేసిన పొర. వీసీడీలోని ఎంపెగ్ ఏవీ (MPEGAV) ఫోల్డరులో ఉండే డాట్ (.DAT) వీడియో ఫైలును మామూలుగా కాపీ చేస్తే చిన్న దోషం దగ్గరే కంప్యూటర్ పని ఆపేస్తుంది. అలాంటప్పుడు ఐసోబస్టర్‌తో తీయండి, లేదా వీఎల్‌సీలో డిస్కుగా తెరిచి ఆడిస్తూ రికార్డు చేసుకోండి.

మీ పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్ మీద తీసి తర్వాత వీసీడీకి ఎక్కించినదై, ఆ క్యాసెట్ ఇంకా ఇంట్లో ఉంటే, కొత్త కాపీని క్యాసెట్ నుంచే చేయించండి. వీసీడీ బొమ్మ 352 నిలువు, 288 అడ్డ వరుసలకు కుదించినది. క్యాసెట్‌లో సెకనుకు 50 సగం చిత్రాలుండగా వీసీడీలో వాటిలో సగమే మిగిలాయి. చేతులు కదిపితే తునకలు తునకలుగా కనిపించడం అందువల్లనే.

ఈ జవాబు మీ సొంత వేడుకల డిస్కుల గురించి. అమ్మకానికి వచ్చిన సినిమా డిస్కుల తాళాలు తీయడం కాపీరైటు చట్టం పరిధిలోకి వస్తుంది.

కొత్త టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు సాకెట్లు లేవు. పాత ప్లేయర్ ఎలా తగిలించాలి?

టీవీ వెనక ఏవీ అని రాసిన ఒకే చిన్న గుండ్రని రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే టీవీతో వచ్చిన చిన్న తీగ ద్వారా మూడు రంగులూ తగులుతాయి. అదీ లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టె కొనాలి. దాని దిశ చూసి కొనండి, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది పనికిరాదు. ముఖాలు అడ్డంగా సాగి కనిపిస్తే టీవీలో చిత్ర పరిమాణాన్ని 4:3 చేయండి.

డిస్కులను ఎక్కడ దాచాలి?

అటక మీద వద్దు. మే నెలలో మన ఊళ్లలో నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకుల కింద, స్లాబు కింద ఇంకా ఎక్కువ. కింది గదిలో, వెలుతురు పడని అలమరలో, ఒక్కో డిస్కును గట్టి పెట్టెలో ఉంచి పుస్తకాల్లా నిలబెట్టండి. ప్లాస్టిక్ సంచుల ఆల్బమ్‌లో ఏళ్ల తరబడి ఉంచితే డిస్కు దానికి అతుక్కుంటుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్ర తీర ఊళ్లలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ఏడాదికోసారి మార్చండి. పై వైపున పేరు రాయాలంటే డిస్కుల కోసం అమ్మే మెత్తటి మొన మార్కరుతో, మధ్యనున్న పారదర్శక వలయం మీద రాయండి.

ఇప్పుడు కొత్తగా ప్లేయర్ కొనడం మంచిదేనా?

డిస్కులను కాపీ చేసుకోవడమే మీ ఉద్దేశమైతే యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవు చాలు, ఆలస్యం మాత్రం చేయవద్దు. రైట్ చేయగల బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఈ సామగ్రి దొరకడం ఏటికేడు తగ్గుతోంది. టీవీలో చూడటానికి బ్లూ-రే ప్లేయర్ కొంటే అది డీవీడీలను ఆడిస్తుంది గానీ, ఈ మధ్యవాటిలో కొన్ని వీసీడీలను ఆడించవు. దుకాణానికి వెళ్లేటప్పుడు మీ దగ్గరున్న పెళ్లి వీసీడీ ఒకటి, రైట్ చేసిన డీవీడీ ఒకటి వెంట తీసుకెళ్లి, రెండూ అక్కడే వేయించి, చివరి పది నిమిషాల దాకా జరిపి చూసి, అప్పుడు డబ్బు కట్టండి.